మ.రా.రా.శ్రీ

మహారాణిపేటలో కలెక్టరాఫీసు గోడవార నా బల్ల.
పైన బ్యాంకువాళ్ళ గొడుగు, సముద్రపు గాలికి సగం చిరిగింది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే కూచుని
జనం కష్టాన్ని అర్జీ కింద మారుస్తున్నాను.

లా చదివే పిల్ల, కోరాడ హిమజ,
పొద్దున్నే ఒక జాబితా తెచ్చి బల్లమీద పెట్టింది.
కిరీటం, పట్టాభిషేకం, రాజప్రతినిధి, రాజద్రోహం,
ఇంకా ఇంగ్లీషులోనే ఉండిపోయినవి కొన్ని.
"వీటికి అర్థాలు కావాలి తాతా, పరీక్షకి."
"రాజులే లేరు గదమ్మా, పరీక్షెందుకు?"
"మాటలున్నాయి గదా" అంది.

నిజమే.
రాజులు ఖాళీ చేసి వెళ్ళారు.
మాటలు మాత్రం తాళంచెవి ఇవ్వలేదు.

రాసుకో.
పట్టమంటే నుదుటికి కట్టే బంగారు రేకు.
పట్టా అంటే మధురవాడ కొండవాలున యాభై గజాలు.
రెండూ ఒక తల్లి బిడ్డలే.
మొదటిది వచ్చాక తలకి నిద్ర లేదు,
రెండోది వచ్చేదాకా కాలికి.

రాజ్యానికి ఏడు అంగాలని పెద్దలు లెక్క చెప్పారు.
వాటిలో మొదటిది రాజు.
ఆ ఒక్కటీ తీసేసి మిగతా ఒళ్ళంతా ఉంచుకున్నాం.
చూడు, లోపల పదకొండో నంబరు గదిలో
అది ఇంకా స్టాంపులు గుద్దుతోంది.

రాజీనామాలో రాజు కోసం వెతక్కు, లేడు.
ఉన్నదల్లా రాజీ. అంటే ఒప్పుకోవడం.
హిమజ పెన్ను ఆపింది.
"మా నాన్న ఇచ్చింది ఒప్పుకుని ఇచ్చింది కాదు తాతా."
నేనా అర్థం పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టమన్నాను.

ప్రజ అంటే కన్నబిడ్డ.
కన్నదెవరని మాత్రం అడక్కు.

మా తాత పోస్టుకార్డు రాస్తే
అనకాపల్లి బెల్లం మండీ గుమస్తాకైనా సరే
పేరుకి ముందు మ.రా.రా.శ్రీ ఉండాల్సిందే.
మహారాజరాజశ్రీ.
అణా కార్డుకి ఒక మహారాజు.
ఆ అలవాటు నా వేళ్ళలో ఉంది.
జెరాక్సు కనకరాజుకి చీటీ రాసినా అదే మొదలు,
వాడు నవ్వి, పేజీకి రెండు రూపాయల కప్పం తీసుకుంటాడు.

చివరి మాట దగ్గరికొచ్చాం.
వారసులు లేక చచ్చిపోయినవాడి సొత్తు
రాజుకి చెందుతుందని.
"దీనికి తెలుగులో ఏముంది?"
"ఉర్దూ నించి తెచ్చుకుని మనం తిట్టుగా వాడుకుంటున్నది.
బేవారసు."

ఆ మాట విన్నట్టే వచ్చింది తెడ్డు ఎర్రయ్యమ్మ,
ఎండుచేపల గంప పక్కన దించి.
"అదే బావూ, అదే మాట.
మా తమ్ముడి కాలికి సీటీ మీద రాసి కట్టినారు.
జెట్టీ కాడ పడిపోనాడు. జేబులో కారడు లేదంట.
మూడు దినాలు, పెద్దాసుపత్రి అయిసులో."

కేజీహెచ్.
కే అంటే ఏమిటో ఊళ్ళో ఎవరూ విప్పి చెప్పుకోరు.
కింగు.
రాజు పేరు తగిలించుకున్న ఆసుపత్రికి
పెద జాలారిపేట మనిషి ఒకడు సొత్తుగా దఖలు పడ్డాడు.
ఇన్నేళ్ళూ ఆ చట్టం
పొలం గురించీ పుట్రల గురించీ అనుకున్నాను.

కాగితం తీశాను. చెయ్యి దానంతటది
మహా దాకా వెళ్ళింది.
ఆపి, ఆ కాగితం నలిపి, ఇంకోటి తీశాను.
పైన నాలుగు వేళ్ళ జాగా వదిలాను.
"చెప్పమ్మా."
"ఏటి సెప్పీది. మావోడు బేవారసేటి?
పేటపేటంతా గేటు కాడ కూకున్నాం,
వారసులు కావాలంటే లెక్కెట్టుకోమను."

అన్నది అన్నట్టే రాశాను.
ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి
విన్నవించుకోలేదు, ప్రార్థించలేదు.

బొటనవేలికి నీలం రాసుకుని
ఎక్కడెయ్యాలని అడక్కుండానే
నేను వదిలేసిన పై జాగాలో
గట్టిగా నొక్కింది.
కింద వెయ్యాలని చెప్పబోయాను.
చెప్పలేదు.

హిమజ అర్జీ పట్టుకుని ఆమెతో ఆసుపత్రి వైపు నడిచింది.
కనకరాజు ఆ రెండు రూపాయలూ అడగలేదు.
జాబితా ఇక్కడే ఉంది, గాలికి లేస్తోంది.
ఇంకుప్యాడు బరువు పెట్టాను.
ఆఖరి మాట ఎదర
ఇంకా ఏమీ రాయలేదు.